బోర్డమ్మ రాయని నోటీసు

బుధవారం ఆ ఇంట్లో అన్ని బుధవారాల్లాగే తెల్లారింది. పొయ్యి మీద టీ పొంగింది. తుడిచే గుడ్డ ఎక్కడుందో ఎవరికీ కనపడలేదు. స్నానాలగది తలుపును కూతురు దబదబా బాదుతోంది. లోపల తండ్రి మాత్రం, ఈ గడ్డం ఒక్కటీ గీసేస్తే ఇక జీవితంలో చేయాల్సిందేమీ లేదన్నంత తీరిగ్గా గీసుకుంటున్నాడు.

“నాన్నా! ఎనిమిదిన్నరకి నాకు ల్యాబు!”

“వచ్చేశానే పిట్టా.”

“అరగంట నుంచీ అదే మాట. వచ్చేసినవాడివి ఇంకా లోపలెలా ఉన్నావు?”

వంటింట్లో బోర్డమ్మకు నవ్వొచ్చింది. ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, విశ్వవిద్యాలయంలో ఎవరినడిగినా ఆ పేరు చెప్పలేరు. విద్యార్థుల సాంస్కృతిక విభాగంలో ఆమె ఇరవై రెండేళ్ళుగా గుమస్తా. పెద్ద గేటు దాటగానే, తలుపును అడ్డంగా పడుకోబెట్టినంత నల్లబోర్డు ఒకటుంటుంది. ప్రతి సోమవారం ఉదయం ఏడున్నరకు స్టూలెక్కి, ఆ వారం క్యాంపస్‌లో జరగబోయే ఆటపాటల సంగతులన్నీ సుద్దముక్కతో గుండ్రటి అక్షరాల్లో రాయడం ఆమె పని. బృందగానానికి గొంతున్నవాళ్ళు ఇద్దరు కావాలి. మంగళవారం మట్టిబొమ్మలు, బట్టలు పాడైతే మా పూచీ లేదు. వయొలిన్లు రెండున్నాయి, వారం రోజులకు అరువిస్తాం, తీగలు తెంపకండి. నాటకానికి ఉచిత పాసులు నలభై, ముందొచ్చినవాళ్ళకు ముందు.

కాగితం మీద ఎంత చప్పగా వచ్చిన నోటీసైనా, బోర్డెక్కేసరికి దానికి ఆమె గొంతు వచ్చేది. విభాగానికి ఫోన్లలో చూసుకునే పేజీ కూడా ఉంది. అందులో పెట్టేదీ ఈ బోర్డు ఫోటోనే. అందుకే విద్యార్థుల్లో ఒక మాట ఉండేది: బోర్డమ్మ రాయకపోతే అది లేనట్టే.

కూతురు తడితలతో వచ్చి బల్ల ముందు కూర్చుంది. రొట్టెముక్క కొరుకుతూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

“అమ్మా, సంచార నాటకబృందం వాళ్ళ నోటీసు ఇంకా రాలేదా? పోయినేడాది ఈపాటికి వచ్చేసింది.”

“రాలేదు.”

“ఒకసారి మీ ఆఫీసు మేడమ్‌ని అడక్కూడదూ?”

“వస్తే రాయనా? నీకోసం పనిగట్టుకుని అడిగితే నలుగురూ ఏమనుకుంటారు? ఏయ్, నా సంచీలో ఏం వెతుకుతున్నావు?”

“పెన్ను కోసమమ్మా. నిన్న తీసుకున్నావుగా.”

గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, బోర్డమ్మ సంచీని గబుక్కున లాగి ఒళ్ళో పెట్టుకుంది. పెన్ను తనే తీసిచ్చింది. అప్పుడే గది నుంచి వచ్చిన భర్త అది చూశాడు. చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో కొత్త కాదు.

నోటీసు పోయిన శుక్రవారమే వచ్చింది. ఆ బృందం ఏటా విశ్వవిద్యాలయం నుంచి అయిదుగుర్ని ఎంచుకుని, ఏడాదిపాటు తమతో ఊరూరా తిప్పుతూ నటన నేర్పుతుంది. గురువారం సాయంత్రం అయిదింటిలోపు ఆఫీసు పుస్తకంలో పేరు రాయాలి. శనివారం పరీక్ష. సోమవారం బోర్డమ్మ స్టూలెక్కి అన్నీ రాసింది. ఈ ఒక్కటి రావాల్సిన చోట, కుడివైపు కింద, ఒక పూలతీగ బొమ్మ వేసింది. బావుందని ఇద్దరు మెచ్చుకున్నారు కూడా. నోటీసు కాగితం నాలుగు మడతలై ఆమె సంచీలో ఉంది.

పిట్టకు పరీక్షలయ్యాక నీళ్ళు పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగం ఇస్తామని ఉత్తరం వచ్చి పదిరోజులయింది. ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక తెల్లకోటు. ఆ ఉత్తరాన్ని బోర్డమ్మ అద్దం పక్కన అంటించింది. ఈ నాటకాలవాళ్ళ వెంట వెళితే కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. రేపు సాయంత్రం అయిదు దాటిపోతే చాలు, ఇక గండం గడిచినట్టే అనుకుంది.

అలాగని ఆమెకు నాటకమంటే గిట్టదనుకుంటే పొరపాటు. ఆమె కూడా ఒకప్పుడు ఆ క్యాంపస్‌లోనే చదివింది. స్టేజీ ఎక్కే ధైర్యం లేక, పక్కతెర చాటున పీట వేసుకుని, మరిచిపోయిన నటులకు మాట అందించే పనికి కుదిరింది. ఒళ్ళో నాటకం ప్రతి, చేతిలో చిన్న టార్చిలైటు. వేడెక్కిన బల్బుల వాసన, పాత తెర దుమ్ము, ఎవరో హడావిడిగా పూసిన రంగు ఆరక జిగటగా ఉన్న చెక్కగోడ. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త రంగు వాసన తగిలితే ఆమెకు ఇరవయ్యేళ్ళ వయసు తిరిగొస్తుంది.

అప్పటి నాటకాల మాస్టారు మొదటిరోజే చెప్పాడు. “అమ్మాయ్, మాట అందించడం పెద్ద విద్యేం కాదు. ఎప్పుడు అందించకూడదో తెలుసుకో, అదీ విద్య. ఆగడం వేరు, మరిచిపోవడం వేరు. మొహం చూస్తే తెలీదు, మొహంతో అబద్ధమాడటమే వీళ్ళ పని. కాళ్ళు చూడు. కావాలని ఆగినవాడి కాళ్ళు కదలవు. మరిచిపోయినవాడి బొటనవేలు నేలని వెతుక్కుంటుంది.”

ఆ పీట మీద నుంచే ఆమె కాబోయే భర్తను మొదటిసారి చూసింది. “ముందు కాళ్ళు చూసి తర్వాత మనిషిని చూసిన పెళ్ళి మాది” అని కొత్తలో అందరికీ నవ్వుతూ చెప్పేది. చివరి ఏడాది నాటకంలో ఆయన ముసలి స్టేషన్‌మాస్టర్. హాస్టల్లో ఆయన గది పంచుకున్న స్నేహితుడే రాశాడు దాన్ని. రైళ్ళు ఆగడం మానేసిన స్టేషన్లో రోజూ జెండా పట్టుకుని నిలబడే మనిషి కథ. ఇరవై ఒక్కేళ్ళవాడు తలకు పౌడరు కొట్టుకుని నడుము వంచి నడిస్తే, ముందు వరసలో కూర్చున్న ప్రొఫెసర్లు కళ్ళు తుడుచుకున్నారు. నాటకమయ్యాక కాగితపు కప్పుల్లో టీ తాగుతూ మెట్ల మీద కూర్చుంటే, కాపలావాడు వచ్చి “మీకు ఇళ్ళూ వాకిళ్ళూ లేవా?” అని కసిరేవాడు. లేవనే అనిపించేది వాళ్ళకు ఆ రోజుల్లో.

ఆ తర్వాత ఈ సంచార బృందమే ఆయన్ని తీసుకెళ్ళింది. మొట్టమొదటి అయిదుగురిలో ఆయనొకడు. ఏడాది అనుకున్నది నాలుగేళ్ళయింది. ఆ మధ్యలోనే పెళ్ళీ అయింది. పిట్ట కడుపులో ఉండగా బృందం చిక్కిపోయి, వేషాలు తగ్గి, ఆయన ఇంటికొచ్చేశాడు. రంగుల పెట్టె అలమర మీద పెట్టి, కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి బిగించే పనికి కుదిరాడు. అంతే. ఆ రోజు నుంచీ ఆయన నోట ఒక్క డైలాగు రాలేదు. నాటకాలకు ఆమె రెండు పాసులు తెస్తే, “నువ్వెళ్ళిరా” అనేవాడు. మనిషిలో ఏదో చచ్చిపోయిందని బోర్డమ్మ నిశ్చయించుకుంది. ఆ పుండు కెలక్కూడదని, ఎప్పుడు స్టేజీ మాటొచ్చినా కూరగాయల మీదికో వాన మీదికో సంభాషణ మళ్ళించేది. చప్పట్ల రుచి చూపించి, ఆఖరి రోజున గేటు బయటికి పంపే చోటు ఆ క్యాంపస్. మొగుడికి తగిలింది చాలు, కూతురికి తగలకూడదు. ఇదీ ఆమె లెక్క.

ఆ మధ్యాహ్నం ఆఫీసు కిటికీ దగ్గరికి శాశ్వత విద్యార్థి వచ్చాడు. చేపల మీద పరిశోధన మొదలుపెట్టి ఏడేళ్ళయింది, అది తెమలదు. ముందు జుట్టు పలచబడింది. నోట్లో నువ్వుగింజ నానదు.

“బోర్డమ్మగారూ, ఈ ఏడాది నాటకబృందం వాళ్ళు మనల్ని మరిచిపోయారా ఏంటండీ?”

“ఏమో మరి” అంది ఆమె, కాగితాలు సర్దుతూ.

“ముప్పై అయిదు దాటకూడదంటారు కదా. వచ్చే నెలతో నాకు నిండిపోతాయి. నిరుడూ ముందేడూ ఈ మెట్ల దాకా వచ్చి, సిగ్గేసి వెనక్కి పోయాను. ఈసారి మాత్రం ఆర్నెల్లుగా చేపల తొట్టి ముందు రోజూ సాధన చేశానండీ. చేపలు చాలా మంచి ప్రేక్షకులు, మధ్యలో లేచిపోవు.” ఆయన తన జోకుకి తనే నవ్వి, తల గోక్కున్నాడు. “సర్లెండి. మీ బోర్డు మీద లేదంటే లేనట్టేగా.”

ఆయన వెళ్ళిపోయాడు. అనుమానించి ఉంటే ఆమెకు బాగుండేది. దబాయించి పంపేసేది. ఆ నమ్మకమే లోపలెక్కడో ముల్లులా దిగింది. మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్నది సగం తిని మూతపెట్టేసింది.

బుధవారాలు కళ్ళజోళ్ళ షాపుకి ఒంటిపూట సెలవు. బోర్డమ్మ ఇల్లు చేరేసరికి భర్త ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పిట్ట కిటికీ దగ్గర నిలబడి జుట్టు చిక్కు తీసుకుంటోంది.

“మీ మేడమ్ వచ్చారు ఇవాళ మా షాపుకి” అన్నాడు ఆయన. “కళ్ళజోడు ముక్కు దగ్గర బిళ్ళ ఊడిపోయిందట. బిగించి ఇచ్చాను.”

“ఓహో. టీ పెట్టనా మీకు?”

“నాటకబృందానికి ఈ ఏడాది ఒక్క పేరూ రాలేదని బాధపడ్డారు. రేపు అయిదింటితో గడువట. ఖాళీ పుస్తకం పంపించాలంటే నామోషీగా ఉందన్నారు.”

దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది.

“దేనికి గడువు?” అంది పిట్ట. “రాని నోటీసుకా?”

వంటింట్లో కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది.

“అమ్మా, నిన్నే. పొద్దున అడిగితే రాలేదన్నావు.”

“వచ్చింది” అంది బోర్డమ్మ. “వచ్చింది, నేనే రాయలేదు. అయితే ఏం చేస్తావు?”

“అందుకా ఆ పూలతీగ! ఇరవై రెండేళ్ళలో ఆ బోర్డు మీద పువ్వు మొలవడం ఇదే మొదటిసారి. నేను పిచ్చిదాన్ని, అమ్మ మనసు బాగుందేమో అనుకుని ఫోటో తీసుకున్నాను.”

“నీ మంచికోసమే చేశాను. చేతిలో ఉద్యోగం పెట్టుకుని గాలికి తిరుగుతానంటే చూస్తూ ఊరుకోమంటావా?”

“ఊరుకోకు. తిట్టు. ఏడు. వద్దని చెప్పు. ఎదురుగా కూర్చుని పోట్లాడు. కానీ దాచేస్తావా?”

“చెబితే వింటావా? ఇరవయ్యేళ్ళ వయసులో ఎవరైనా విన్నారా? క్యాంపస్‌లో ఉన్నన్నాళ్ళూ అందరూ భుజాల మీద మోస్తారు. గేటు దాటాక నువ్వెవరో ఎవరికీ తెలీదు. నాకు కాకపోతే ఇంకెవరికి తెలుసే ఆ సంగతి? మీ నాన్నని చూడు! అంతటి నటుడు, ఇరవయ్యేళ్ళుగా పరాయివాళ్ళ కళ్ళజోళ్ళకి మరలు బిగిస్తూ, నోట మాట లేకుండా ఎలా అయిపోయాడో చూడు!”

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ మాట అన్న మరుక్షణం బోర్డమ్మ నాలుక కరుచుకుంది. పిట్ట కూడా తండ్రి వంక చూడలేక కిటికీ వైపు తిరిగింది.

ఆయన మాత్రం జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టాడు. ఏదైనా పెద్ద పని మొదలుపెట్టే ముందు జేబులు ఖాళీ చేసుకోవడం ఆయన అలవాటు.

“నన్నేం చూడాలి?” అన్నాడు మెల్లగా. “బాగానే ఉన్నానుగా.”

“ఏవండీ, నా ఉద్దేశం అది కాదు.”

“ఆగు. ఈసారి నన్ను పూర్తి చేయనీ.” ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “మా షాపులో అద్దం అరగదీసే చక్రం ఉంది చూడు, అది తిరుగుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. ఇరవయ్యేళ్ళుగా దాని ముందు నా స్టేషన్‌మాస్టర్ నాటకం ఆడుతున్నాను. రోజూ. మామూలు అద్దమైతే మొదటి అంకం సరిపోతుంది. రెండు చూపుల అద్దమొస్తే రెండో అంకం కూడా అయిపోతుంది. మా యజమాని నాకు గొణుక్కునే జబ్బుందనుకుంటాడు.”

బోర్డమ్మ తలెత్తి ఆయన వంక చూసింది.

“నాకు వినపడేది” అంది పిట్ట, కిటికీ వైపు నుంచి తిరక్కుండానే. “చిన్నప్పుడు బడి నుంచి నేరుగా షాపుకే వచ్చేదాన్నిగా. బల్ల కింద, నీ కాళ్ళ దగ్గర కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. అక్కడికి బాగానే వినపడేది.”

తండ్రి కూతురి వంక ఆశ్చర్యంగా చూశాడు. ఆ సంగతి ఆయనకూ తెలియదు.

“మరి నాటకాలకి రమ్మంటే ఎందుకు రారు?” అంది బోర్డమ్మ.

“మనకి పెళ్ళయిన కొత్తలో ఒకసారి వెళ్ళాను. కూర్చుని చూడటం నాకు చేతకాదు. పెదాలు వాటంతటవే కదులుతాయి. ముందు వరసాయన వెనక్కి తిరిగి ‘అయ్యా, మేం వాళ్ళ నాటకం వినడానికొచ్చాం’ అన్నాడు. మళ్ళీ ఏ మొహంతో వెళ్ళను?”

“నాకెందుకు చెప్పలేదు ఇదంతా?”

“చెప్పబోయిన ప్రతిసారీ నువ్వు వంకాయల ధర చెప్పేదానివి.” ఆయన నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. “బృందం వదిలి వచ్చినప్పుడు బాధపడ్డాను. ఎందుకు పడను? ఓ నెలో రెండు నెలలో. తర్వాత ఇది పుట్టింది. ఆ క్యాంపసూ, ఆ స్టేజీ మెట్లూ, ఆ నాలుగేళ్ళ తిరుగుడూ నా దగ్గర నుంచి ఎవరు తీసుకున్నారు? అవన్నీ నాకున్నాయి. రోజంతా నలభై జతల అద్దాలు బిగించగలిగానంటే అవి ఉండబట్టే. నేను ఆగాను, అంతే. నువ్వేమో మరిచిపోయాననుకుని గాభరాగా ఏదో ఒకటి అందించేస్తూ వచ్చావు.”

బోర్డమ్మ కుర్చీలో కూలబడి చేతుల్లో మొహం దాచుకుంది. ఇరవయ్యేళ్ళు ఒక మనిషి మౌనాన్ని చూసి జాలిపడుతూ బతికింది. ఆ జాలంతా ఎవరికీ అక్కర్లేనిదని ఇవాళ తెలిసింది. అంతకంటే పెద్ద వెలితి ఇంకోటుంది. ఇరవయ్యేళ్ళు ఆ నాటకం ఆ చక్రం విన్నది, బల్ల కింద పిల్ల విన్నది. తను ఒక్కతే వినలేదు.

కాసేపటికి సంచీ తెరిచి, నాలుగు మడతల కాగితం తీసి కూతురి ముందు పెట్టింది. “ఇదిగోనే. రేపు పొద్దున్నే వెళ్ళి పేరు రాసెయ్.”

పిట్ట ఆ కాగితాన్ని ముట్టుకోలేదు.

“రాయను.”

“ఇంకా కోపమేనా?”

“కోపమే. కానీ అందుకు కాదు. నాకు ఇంట్లో తెలిసింది. మిగతావాళ్ళకి ఎలా తెలుస్తుంది? పోటీకి ఎవరూ రాకుండా అమ్మ కాపలా కాస్తే గెలిచిందంటారు నన్ను. వాళ్ళు అనకపోయినా నేననుకుంటాను. బోర్డు మీద పడ్డాకే రాస్తాను. పడకపోతే లేదు.”

ఆ మాట వినగానే బోర్డమ్మకు చేపల తొట్టి ముందు నిలబడి సాధన చేసే మనిషి కళ్ళముందు కదిలాడు.

గురువారం ఆమె ఏడు కాకముందే గేటు దగ్గరుంది. ముందు ఆఫీసులోకి వెళ్ళి మేడమ్ వచ్చేదాకా నిలబడింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అనుకుంటూ, జరిగిందంతా ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. మేడమ్ నిన్న బిగించిన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

“ఇంకెవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. మీరు రాసే ఉంటారని బోర్డు వంక చూడనేలేదు. పిల్లలకే ఆసక్తి పోయిందని నాలుగు రోజులుగా వాళ్ళని తిట్టుకుంటున్నాను.”

“తప్పయిపోయింది మేడమ్.”

“అయింది. మెమో ఇస్తాను, తీసుకోవాలి మీరు. గడువు మాత్రం నా చేతుల్లో లేదు, అయిదంటే అయిదే. ఇంకా ఇక్కడెందుకు నిలబడ్డారు? వెళ్ళి రాయండి!”

బోర్డమ్మ పూలతీగ ఒక్కటే తుడవలేదు. బోర్డు మొత్తం తుడిచేసింది. మధ్యలో జానెడు అక్షరాలతో రాసింది: “సంచార నాటకబృందానికి అయిదుగురు కావాలి. ఏడాదిపాటు ఊరూరా తిరగాలి. స్టేజీ ఎక్కనివాళ్ళూ రావచ్చు. ఇవాళ సాయంత్రం అయిదింటితో సరి. ఇది సోమవారమే రాయాల్సింది. ఆలస్యం నాది, అవకాశం మీది.” ఎప్పుడూ రాసి లోపలికి వెళ్ళిపోయే మనిషి ఆ రోజు స్టూలు పక్కనే నిలబడి, వచ్చేపోయే ప్రతివాళ్ళనీ ఆపి చదివించింది. క్లాసుకి ఆలస్యమైందన్నవాళ్ళ వెంట నాలుగడుగులు నడిచి మరీ చెప్పింది.

పదింటికి జంతుశాస్త్రం భవనం మూడో అంతస్తు మెట్లెక్కింది. తొట్ల మధ్య, చేతులు మోచేతుల దాకా నీళ్ళలో పెట్టుకుని శాశ్వత విద్యార్థి ఉన్నాడు.

“నిన్న మీకు అబద్ధం చెప్పాను” అంది ఆయాసపడుతూ. “నోటీసు వచ్చింది. సాయంత్రం అయిదు దాకా ఉంది. ఈసారి మెట్ల దాకా వచ్చి వెనక్కి వెళ్ళారంటే నేను ఊరుకోను.”

ఆయన ఎందుకని అడగలేదు. తడిచేతులు చొక్కాకే తుడుచుకుని, “పదండి, ఇప్పుడే వస్తాను. మీరు ముందు నడవండి, లేకపోతే నా కాళ్ళు వెనక్కి తిరుగుతాయి” అన్నాడు.

నాలుగున్నరకు పుస్తకంలో పదహారు పేర్లున్నాయి. అయిదుకు ఇరవై నిమిషాలుందనగా పిట్ట వచ్చింది. తల్లి వంక చూడకుండా పదిహేడో పేరు రాసింది. పెన్ను బల్ల మీద పెట్టి, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

“ముక్కు మీద సుద్ద ఉంది. తుడుచుకో.”

నిన్న సాయంత్రం గొడవ తర్వాత కూతురు ఆమెతో అన్న మొదటి మాట అది. బోర్డమ్మ తుడుచుకుంటే సుద్ద ఇంకా పాకింది.

శనివారం పేర్లు పిలిచే పని మేడమ్ ఆమెకే అప్పజెప్పింది. అదే పాత హాలు. తెర మార్చారు, బల్బులు మార్చారు, దుమ్ము వాసన మాత్రం అలాగే ఉంది. పక్కతెర చాటున పీట లేదు. రంగుడబ్బా ఒకటి బోర్లించుకుని కూర్చుంది. శాశ్వత విద్యార్థి మొదట వణికి, తర్వాత వణుకునే వేషంలో కలిపేసుకుని హాలంతా నవ్వించాడు. ఆఖరి వరసలో, పక్కన ఎవరూ లేని కుర్చీ వెతుక్కుని, ఒక కళ్ళజోళ్ళాయన వచ్చి కూర్చున్నాడు. షాపులో గంట అనుమతి తీసుకుని వచ్చాడు.

బోర్డమ్మ పదిహేడో పేరు పిలిచింది. పిట్ట స్టేజీ మధ్యకు వచ్చి, చెప్పులు విడిచి పక్కన పెట్టింది. నడుము కొద్దిగా వంచింది.

“ఈ స్టేషన్లో రైలు ఆగి పదకొండేళ్ళయింది. అయినా రోజూ జెండా పట్టుకుని వస్తాను. పిచ్చివాడా, ఎందుకొస్తావని అడుగుతారు.”

అక్కడ ఆగింది.

ఒకటి. రెండు. మూడు. బల్ల వెనక కూర్చున్న బృందం పెద్ద కలం కింద పెట్టి తలెత్తాడు. తర్వాతి వాక్యం బోర్డమ్మ నాలుక చివర ఉంది. ఆమె ముందుకు వంగింది, పెదాలు విడిపడ్డాయి. అప్పుడు, ఎన్నో ఏళ్ళ తర్వాత, మొహం మీంచి చూపు కిందికి దించింది. చెక్కల మీద కూతురి పాదాలు రెండూ నాటుకుపోయినట్టున్నాయి. బొటనవేలు కదల్లేదు.

బోర్డమ్మ నోరు మూసుకుని, చేత్తో గట్టిగా అదిమిపెట్టుకుంది.

“రైలు ఆగకపోయినా జెండా ఊపాలి” అంది పిట్ట. ఆ ఒక్క వాక్యం ఆఖరి వరస దాకా వెళ్ళింది. అక్కడ ఒక మనిషి పెదాలు అదే వాక్యంతో కదులుతున్నాయి. తర్వాతి మాటలు బోర్డమ్మకు వినపడలేదు. ఆమె ఏడుస్తోంది, ఆ ఏడుపు బయటికి వినపడకూడదన్న ధ్యాసలోనే ఉండిపోయింది.

సోమవారం ఆమె బోర్డు మీద అయిదు పేర్లు రాసింది. రెండోది శాశ్వత విద్యార్థిది, నాలుగోది కూతురిది. అన్నీ ఒకే కొలతలో రాయాలని పట్టుబట్టింది గానీ నాలుగో పేరు దగ్గర ఒక అక్షరం వంకరపోయింది. వెనక నిలబడి ఫోటో తీస్తున్న పిట్ట, “అమ్మా, అది సరిచెయ్” అంది. “ఉండనీవే, దానికేం” అంది తల్లి. అప్పుడు పిట్ట వచ్చి వెనక నుంచి నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకుంది. స్టూలు ఊగింది. ఇద్దరూ పడిపోయేవాళ్ళే.

పరీక్షలయ్యాక ఒక ఆదివారం పొద్దున్న బృందం బస్సు వచ్చింది. అద్దం పక్కనున్న ఉద్యోగం ఉత్తరాన్ని పిట్ట తనే తీసి, తీసుకోలేనందుకు క్షమించమని జవాబు రాసి పంపింది. అలమర మీది రంగుల పెట్టె దుమ్ము దులిపి తండ్రి ఆమె చేతికిచ్చాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఇద్దరూ చేతులూపి, ఇంటికొచ్చారు. స్నానాలగది తలుపు బాదేవాళ్ళు లేరు. బోర్డమ్మ టీ పెట్టింది. అలవాటుగా మూడు కప్పులు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టింది.

ఆయన ముందుగదిలో కిటికీ దగ్గర నిలబడి రోడ్డు వంక చూస్తున్నాడు. ఆమె కప్పు అందించబోయి ఆగింది. ఇంట్లో, చక్రం చప్పుడు లేని చోట, మొట్టమొదటిసారి ఆ గొంతు వచ్చింది. చిన్నగానే వచ్చింది.

“రైలు ఆగకపోయినా జెండా ఊపాలి...”

తర్వాత నిశ్శబ్దం. ఈసారి బోర్డమ్మ కూరగాయల ధర చెప్పలేదు. తొందరపడలేదు. కిందికి చూసింది. ఆయన కుడికాలి బొటనవేలు మెల్లగా, ఏదో పోగొట్టుకున్నట్టు, నేల మీద వెతుక్కుంటోంది. నిజంగానే మరిచిపోయాడు.

ఆమె కప్పులు కింద పెట్టి, ఆయన పక్కకు వచ్చి నిలబడి, పక్కతెర చాటు నుంచి చెప్పినంత మెల్లగా అందించింది.

“వెళ్ళేవాళ్ళకు తెలియాలి కదా, ఇక్కడ ఒకరు నిలబడి ఉన్నారని.”